ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు

పోయినవారం మన తిరుగుటపా చెవికి ఫోను ఆనించుకుని, అవతలి మనిషి ఠక్కున పెట్టేసిన చప్పుడు వింటూ ఉండగా వదిలేశాం. అలా వదిలేసినందుకు కొందరు పాఠకులు నన్ను చెడామడా తిట్టారని ఎడిటరుగారు చెప్పారు. తిట్టినవాళ్ళకి దణ్ణం. చివరిదాకా చదివితేనే కదా తిట్టగలిగేది! కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో జరిగింది చెప్పి ముందుకు పోతాను.

ఈ అమ్మాయి ఒక బ్యాంకులో పనిచేస్తుంది. చేరాల్సిన చోటికి చేరని డబ్బంతా ఈమె బల్ల మీదికి వస్తుంది. ఖాతా మూసేసినవి, నెంబరు తప్పినవి, అవతలి మెషిన్ ఉలకనివీ పలకనివీ, అన్నీ ఇక్కడికే. ఏది ఎందుకు తిరిగొచ్చిందో చూసి, ఎక్కడినుంచి బయల్దేరిందో అక్కడికి క్షేమంగా పంపించడం ఈమె ఉద్యోగం. అందుకే ఆఫీసంతా ఆమెను తిరుగుటపా అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పక్కకు చూస్తుంది.

ఇక కథ. ఒక పెద్దవయసు వడ్రంగి చెక్కను నున్నగా చిత్రిక పట్టే మెషిన్ ఒకటి కొనుక్కుంటున్నాడు. మోచేతులు మొరాయిస్తున్నాయి, మెషిన్ ఉంటే ఇంకొన్నాళ్ళు పని చేసుకోవచ్చని ఆశ. అమ్మేవాడి ఖాతా నెంబరును ఫోనులో వింటూ చేతికందిన చెక్క మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు. వడ్రంగికి కాగితం కంటే చెక్కే కదా దగ్గర. తర్వాత పనిలో పడి అదే చెక్కను కోసేశాడు. నెంబరు చివరి రెండంకెలు రంపంపొట్టులో కలిసిపోయాయి. పోతే పోయాయి, నాకు గుర్తున్నాయిలే అనుకుని ఫోనులో కొట్టాడు. గుర్తున్నాయి, కాకపోతే తారుమారుగా గుర్తున్నాయి.

మామూలుగా ఇలాంటి తప్పు నెంబరు ఎవరిదీ కాదు. 'ఇలాంటి ఖాతా మా దగ్గర లేదు' అని అవతలి బ్యాంకు మెషిన్ చెప్తుంది, డబ్బు దానంతటదే ఇంటికొస్తుంది. వడ్రంగి ఖర్మకొద్దీ ఆ నెంబరుకి మన తిరుగుటపా బ్యాంకులో ఒక సొంతదారు ఉంది, ఒక లాండ్రీ అక్క. మెషిన్ నెంబరు చూస్తుంది గానీ పేరు చూడదు. డబ్బు దర్జాగా వెళ్ళి ఆమె ఖాతాలో కూర్చుంది. అలా కూర్చున్నదాన్ని బ్యాంకు తనంతట తాను లాక్కోలేదు. ఎవరూ ముట్టుకోకుండా ఆపి ఉంచగలదు, అంతే. వెనక్కి పంపాలంటే లాండ్రీ అక్క సంతకం కావాలి. ఇంకో నియమం కూడా ఉంది. పంపినవాళ్ళెవరో అందుకున్నవాళ్ళకీ, అందుకున్నవాళ్ళెవరో పంపినవాళ్ళకీ బ్యాంకు చెప్పకూడదు. ఇదంతా ఫోనులో చెప్పి సంతకం అడిగితే, "రేపొచ్చి నా జవాబేంటో చెప్తా" అని ఆమె ఫోను పెట్టేసింది.

ఆ రేపు వచ్చింది.

బ్యాంకు తలుపులు తీసేసరికే వడ్రంగి హాల్లో బెంచీ మీద ఉన్నాడు. ఆయన ఖాతా ఈ బ్యాంకులో కాదు. "నీ డబ్బు ఫలానా బ్యాంకుకి చేరింది, ఇక వాళ్ళ చేతిలో ఉంది" అని ఆయన బ్యాంకువాళ్ళు చెప్పిన దగ్గరనుంచీ రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. కౌంటరు దగ్గరికి వెళ్ళి సతాయించడు. ఊరికే కూర్చోవడం చేతకాక, కుంటుతున్న బెంచీ కాలి కింద ఓ చెక్కపేడు చెక్కి దోపాడు. ఇప్పుడది కుంటడం లేదు. సెక్యూరిటీ ఆయనకు రోజూ మంచినీళ్ళు తెచ్చి ఇస్తున్నాడు.

కాసేపటికి లాండ్రీ అక్క వచ్చి, టోకెన్ తీసుకుని, సరిగ్గా ఆయన పక్కనే కూర్చుంది.

అద్దాల క్యాబిన్లోంచి తిరుగుటపా అది చూసింది. డబ్బు గురించి హాల్లో నోరెత్తొద్దని వడ్రంగికి ముందే చెప్పి ఉంచింది కాబట్టి సరిపోయింది. ఆయన జరిగి చోటిచ్చాడు. ఆమె తలూపింది. వాళ్ళిద్దరి మధ్యా ఓ జానెడు ఖాళీ, ఆ ఖాళీలో ఎవరిదో పాత పేపరు. అంతకుముందు ఎన్నడూ లేనంత గబగబా తిరుగుటపా టోకెన్ నెంబరు నొక్కింది.

అక్క క్యాబిన్లోకి వచ్చింది. ఆమెతోపాటే సబ్బు వాసన, వేడి గుడ్డ వాసన వచ్చాయి. యాభై దాటిన మనిషి. ఆవిరికి చేతులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"సంతకం పెట్టను. ముందే చెప్తున్నా. నువ్వు పోట్లాడాలనుకుంటే తొందరగా పోట్లాడెయ్, అవతల నాకు ఇస్త్రీ బట్టలున్నాయి."

"కూర్చోండి మేడమ్."

"మేడమేంటి, బట్టలుతుక్కునేదాన్ని. అక్కా అను చాలు. అక్కా అన్నా సరే, సంతకం మాత్రం పెట్టను."

తిరుగుటపాకి ఇలాంటివాళ్ళు అలవాటే. దొరికింది దక్కించుకుందామనేవాళ్ళు ముందు నవ్వుతారు, బ్యాంకు గొప్పదనం పొగుడుతారు, తర్వాత ఇల్లు మారిపోతారు. ఈమె మాత్రం వచ్చీరావడంతోనే కయ్యానికి దిగింది. కయ్యానికి వచ్చేవాళ్ళ దగ్గర ఏదో ఒక న్యాయం ఉంటుందని మన అమ్మాయి అనుభవం.

"ఎందుకు పెట్టరో చెప్పండక్కా."

"ఎందుకంటే అది పొరపాటు డబ్బు కాదు. నా తమ్ముడు పంపిన డబ్బు."

అక్క సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది, ఫోను తీసింది, ఓ మెసేజ్ తెరిచి బల్ల మీద పెట్టింది. బ్యాంకు పంపే మామూలు మెసేజే. ఇంత జమ అయింది, రెఫరెన్స్ నెంబరు ఇది. పంపినవాళ్ళ పేరు అందులో ఉండదు. కింద, పంపినవాళ్ళు రాసిన చిన్న ముక్క మాత్రం ఉంటుంది.

"చదువు. పైకి చదువు."

"ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు," అని చదివింది తిరుగుటపా.

"ఆ మాట మా తమ్ముడు కాక నాకింకెవరు రాస్తారు?"

తిరుగుటపా చూపు అద్దం వైపు పోయింది. ఆ మాట ఎవరు రాశారో ఆమెకు తెలుసు. మెషిన్ అమ్మేవాడికి డబ్బు చెప్పినరోజు కట్టలేకపోయానని, అందుకే సిగ్గుపడి ఆ ముక్క రాశానని వడ్రంగి స్వయంగా చెప్పాడు. అద్దం అవతల బెంచీ మీద, ఇటు వీపు పెట్టి కూర్చునే ఉన్నాడు.

అక్క చెప్పుకుపోయింది. అమ్మ చివరిరోజుల్లో ఆస్పత్రిలో ఉంది. తమ్ముడు లారీ నడుపుతాడు, ఎక్కడో దూరాన ఉన్నాడు. ఆస్పత్రి ఖర్చుకి డబ్బు అడిగితే "పంపిస్తానక్కా, రేపే పంపిస్తాను" అన్నాడు. పంపలేదు. రాలేదు. అమ్మ పోయాక వచ్చి గుమ్మంలో నిలబడితే, "ఎందుకొచ్చావ్" అంది అక్క. ఆ ఒక్కమాటతో వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళపాటు ఉన్నాడో లేడో కూడా తెలియలేదు.

"ఇదిగో, మొన్న ఈ మెసేజ్ వచ్చింది. నేనడిగినదానికంటే కొంచెం ఎక్కువే పడింది. వడ్డీతో పంపాడు వెధవ అనుకున్నా. చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయి ఎవరిదో చొక్కా మాడింది. ఆ చొక్కాకి నష్టం కట్టాననుకో, అది వేరే సంగతి. వెంటనే వాడి పాత నెంబరుకి ఫోన్ చేశా. ఎత్తాడు. 'అందిందిరా తమ్ముడూ, భోజనానికి రా' అన్నా. అవతల చప్పుడు లేదు. సరే అన్నాడు. వచ్చాడమ్మా! తలుపు తీస్తే వాడే. బక్కచిక్కిపోయాడు. ఆ రోజునుంచీ మా ఇంట్లోనే ఉంటున్నాడు, లారీ దిగితే నా దగ్గరికే వస్తున్నాడు. నువ్విప్పుడు అది పొరపాటంటే, నేను ఒప్పుకుని సంతకం పెడితే, ఆ కబురు తెలిసి వాడు మళ్ళీ గుమ్మం దిగి వెళ్ళిపోతే? అప్పుడు వాణ్ణి ఎవరు తెచ్చిస్తారు? మీ బ్యాంకు తెచ్చిస్తుందా?"

అడకత్తెరలో పోకచెక్క అంటారే, మన అమ్మాయి పరిస్థితి అదీ. ఇటు ఒక తమ్ముడు, అటు ఒక మెషిన్. రెండూ ఒకే డబ్బు మీద నిలబడి ఉన్నాయి. 'కుదరదన్నారు' అని ఓ ముక్క రాసి కేసు మూసేస్తే అడిగేవాళ్ళెవరూ లేరు. వడ్రంగి కోర్టుకెళ్ళేవాడు కాదు. ఇంటికెళ్ళి మళ్ళీ చేత్తోనే చిత్రిక పట్టుకునేవాడు.

ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తనమీద తనకు చిరాకేసింది. నెమ్మదిగా మొదలుపెట్టింది.

"అక్కా, నేను కొన్ని చెప్పకూడదు. చెప్పగలిగినంత చెప్తాను. ఆ డబ్బు పంపినవాళ్ళు, నెంబరు తప్పు కొట్టామని, అది మీకోసం కాదని వాళ్ళ బ్యాంకుకి రాసిచ్చారు. ఎవరని అడగొద్దు."

"వాడు కాదు కదూ?"

తిరుగుటపా కాగితాలు సర్దబోయింది. నోరు దాచింది ముఖం దాచలేకపోయింది.

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అవతల హాల్లో టోకెన్ గంట రెండుసార్లు మోగింది. తిట్టబోతోందని తిరుగుటపా సిద్ధంగా కూర్చుంది. అక్క తిట్టలేదు. ఏదో లెక్క తేలినట్టు మెల్లగా తలాడించింది.

"భోజనం దగ్గర థాంక్సురా అన్నాను. తల వంచుకున్నాడు. సిగ్గేమో అనుకున్నా. డబ్బు పంపినవాడు సిగ్గెందుకు పడతాడు, నా పిచ్చిగానీ."

"అబద్ధం చెప్పాడని కోపంగా ఉందా అక్కా?"

"కోపమా? చూడు, పంపినవాడైతే రావడానికేం, కాలర్ ఎగరేసుకుని వస్తాడు. పంపనివాడు కూడా వచ్చాడే! నేను దేనికి పిలుస్తున్నానో తెలీకుండా, పిలిచాను కదాని వచ్చాడు. ఆ గుమ్మం దాటడానికి వాడికెంత గుండె కావాలో నీకు తెలీదమ్మా, నాకు తెలుసు. వెళ్ళగొట్టింది నేనే కదా." సంచి ఒళ్ళోకి లాక్కుంది. "డబ్బు ముట్టుకోలేదు. అమ్మ పేరు చెప్పి వచ్చిన డబ్బు ఎలా ఖర్చుపెడతాను? అంతా అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలి సంతకం?"

తిరుగుటపా కాగితం జరిపింది. అక్క ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసింది.

"ఒక్క సాయం చెయ్యి. నాకు తెలిసిపోయిన సంగతి వాడికి తెలియకూడదు. నువ్వు నిన్న ఫోన్ చేసినప్పుడు పక్కగదిలో నిద్రపోతున్నాడు, అదృష్టం. ఇంకోటి. ఆ నెంబరు తప్పు కొట్టిన మనిషికి నా తరఫున చల్లగా ఉండమని చెప్పు. వాళ్ళ తప్పు నాకు నా తమ్ముణ్ణి తెచ్చిపెట్టింది."

"అదీ చెప్పకూడదక్కా."

"అదేం బ్యాంకు తల్లీ! థాంక్స్ చెప్పినా తిరుగుటపాలో వచ్చేస్తుందా?"

తన పేరు ఈమెకెలా తెలిసిందా అని మన అమ్మాయి ఉలిక్కిపడింది. తెలిసి అన్నది కాదు. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే అక్క కళ్ళొత్తుకుని లేచి వెళ్ళిపోయింది. కళ్ళు ఒత్తుకోవడానికి తీసిన కళ్ళజోడు బల్ల మీదే ఉండిపోయింది.

ఇక్కడ మీకు రెండో సంతకంగారిని మళ్ళీ గుర్తుచేయాలి. బ్యాంకులో ఒకరు చేసింది ఇంకొకరు సరిచూడందే డబ్బు కదలదు. అలా సరిచూసే ఆఫీసరు ఈయన. స్కేలు పెట్టుకుని లైను లైనూ చదువుతాడు. పోయిన నెలలో తిరుగుటపా ఒక ఖాతాదారుడితో ఒక మాట ఎక్కువ మాట్లాడిందని, ఇంకోసారి జరిగితే ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చుంటారని చెప్పినవాడు. నవ్వితే జీతంలో కోస్తారన్నట్టు ఉంటాడు.

ఆయన అక్క సంతకాన్ని పాత సంతకంతో పోల్చిచూశాడు, ఆపి ఉంచిన మొత్తం చూశాడు, రెఫరెన్స్ చూశాడు.

"ఆవిడకి ఎక్కువేమైనా చెప్పారా?"

"లేదు సార్. ఆవిడే నాకు ఎక్కువ చెప్పింది."

"ఏం చెప్పింది?"

తిరుగుటపా చెప్పింది. ఈ మనిషికి ఇదంతా ఎందుకు చెప్తోందో ఆమెకే తెలియలేదు. గుండె నిండిపోతే ఎదురుగా ఉన్నవాడు రాయా మనిషా అని చూసుకోం కదా. రెండో సంతకంగారు మొత్తం విన్నాడు. విని, మామూలుగా సాయంత్రం బండెడు కాగితాలతో కలిపి చేసే ఆమోదాన్ని ఆ ఒక్కదానికీ అప్పటికప్పుడు నొక్కేశాడు.

"పంపేశాను. పాత రెఫరెన్స్ వేసే పంపాను, వాళ్ళ బ్యాంకు వెతుక్కోనక్కర్లేదు. వాళ్ళ దగ్గర సాయంత్రానికి జమ పడుతుంది." స్కేలు సర్దుకున్నాడు. "ఆ పెద్దాయన రోజూ వచ్చి కూర్చోవడం నేనూ చూస్తున్నాను. బెంచీ బాగుచేశాడు."

తిరుగుటపా థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయి నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఈయన్ని ఇంట్లో అమ్మకి ఎన్ని రకాలుగా వర్ణించి చెప్పిందో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి.

క్యాబిన్‌కి తిరిగొచ్చేసరికి కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎండకి కమిలిన ముఖం. కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే నల్లగా ఉంది, ఎప్పుడూ కిటికీలోంచి బయట పెట్టుకునేవాడిలా.

"మేడమ్, ఇక్కడ లాండ్రీ నడుపుకునే ఒకామె ఖాతాలో..."

"ఎవరి ఖాతా గురించీ నేను చెప్పకూడదండీ. అలాంటి మనిషి ఇక్కడున్నారో లేదో కూడా చెప్పకూడదు."

"చెప్పొద్దు మేడమ్. వినండి చాలు. నేను ఆమె తమ్ముణ్ణి."

తిరుగుటపా చేయి దానంతటదే కళ్ళజోడు మీద పేపరు కప్పింది.

"నిన్న మీరు ఫోన్ చేశారు కదా. అక్క చేతులు తడిగా ఉంటే స్పీకర్ పెట్టింది. నేను పక్కగదిలో ఉన్నాను."

"నిద్రపోతున్నారని..." అనేసి నాలుక కరుచుకుంది.

"నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు మేడమ్, నిద్ర నటించేవాణ్ణి ఎవరు లేపుతారు? మొత్తం విన్నా. ఆ డబ్బు నేను పంపలేదు. పంపుతానని అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మాటిచ్చా. దారిలో లారీ ఇంజను పోయింది, చేతిలో ఉన్నదంతా దానికే పెట్టా. ముఖం చెల్లక ఫోన్ తియ్యలేదు. అదే తప్పు. డబ్బు లేదక్కా అని ఒక్కమాట చెప్పుంటే అక్క తిట్టి ఊరుకునేది." ఎటో చూశాడు. "మొన్న అక్క ఫోన్ చేసి 'అందిందిరా, భోజనానికి రా' అంది. ఏమందిందో నాకర్థం కాలేదు. 'భోజనానికి రా' ఒక్కటే వినిపించింది మేడమ్. వచ్చేశా. వచ్చాక తెలిసింది. అప్పుడు చెప్పలేకపోయా. మూడు రోజుల్లో చెప్తా, నాలుగు రోజుల్లో చెప్తా అనుకుంటూనే ఉన్నా. అలా వాయిదా వేసే కదా అప్పుడూ చెడింది."

"ఇప్పుడేం చెయ్యాలనుకుంటున్నారు?"

"ఓనరు దగ్గర జీతం ముందుగా తీసుకున్నా. సరిపోయేంత నా ఖాతాలో ఉంది. ఆ పొరపాటు డబ్బు ఎవరిదో వాళ్ళకి నాది పంపెయ్యండి. అక్క ఖాతాలో ఉన్నదాన్ని కదపొద్దు. అక్కకి తెలియకుండా అయిపోతుంది."

అక్క దాచమంది తమ్ముడి కోసం. తమ్ముడు దాచమంటున్నాడు అక్క కోసం. దాచాల్సింది ఒకటే సంగతి. ఇద్దరి మధ్యా నోటికి తాళం వేసుకుని మన తిరుగుటపా. ఆ క్షణంలో ఆమెకు ఏడుపు రావాలో నవ్వు రావాలో తెలియలేదని నేను రాస్తే, అదేం కొత్త మాట కాదంటారు. కానీ అదే నిజం. ఇలాంటివాళ్ళు తన బల్ల ముందు కూర్చుంటున్నందుకు, ఈ ఉద్యోగం దొరికినందుకు, ఆమెకు మొదటిసారి సంతోషమేసింది.

"అలా కుదరదండీ," అంది. "ఒకరి పొరపాటుకి ఇంకొకరి డబ్బు సర్దకూడదు. ఏ డబ్బు ఎటునుంచి వచ్చిందో అటే పోవాలి." ఆయన ముఖం వాడిపోవడం చూసి గబగబా ఇంకో మాట అంది. "కానీ మీకు తెలిసినవాళ్ళ ఖాతాకి మీరు డబ్బు పంపుకోవడానికి నా పర్మిషనేం అక్కర్లేదు. ఆ మాట ఎవరికైనా చెప్తాను. మీకూ చెప్తున్నాను."

డ్రైవరు ఆమె ముఖంలోకి చూశాడు. గుంత పక్కనుంచి బండి ఎలా తప్పించాలో అర్థమైనవాడిలా ఫోను తీశాడు. అక్క ఖాతా నెంబరు అందులో ఎప్పటినుంచో ఉంది. ఆరేళ్ళ కిందట చేర్చుకుని, ఒక్కసారీ వాడని నెంబరు. మొత్తం కొట్టాడు. కింద చిన్న ఖాళీ కనిపించింది.

"ఇక్కడేం రాయాలి మేడమ్?"

"అది మీ ఇష్టం. రాయకపోయినా పోతుంది."

రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. లారీ నడిపే వేలికి ఆ అక్షరాలు మరీ చిన్నవి. చివరికి నొక్కాడు. తెరమీద చక్రం తిరగడం మొదలుపెట్టింది, తిరుగుతూనే ఉంది. 'ప్రాసెస్‌లో ఉంది' అని వచ్చింది. డ్రైవరు వేలు మళ్ళీ బటన్ మీదికి వెళ్ళింది.

"ఆగండి! నొక్కకండి!"

హాల్లో ఇద్దరు ముగ్గురు తలెత్తి చూశారు.

"పోలేదు కదా మేడమ్?"

"పోలేదని ఎవరన్నారు? మీ ఖాతాలోంచి బయల్దేరింది. అవతలి బ్యాంకు 'అందింది' అని చెప్పాలి, ఆ జవాబు ఇంకా రాలేదు. అంతే. ఒకటి పోస్టు డబ్బాలో వేశాక, జవాబు రాలేదని ఇంకోటి వేస్తే రెండు ఉత్తరాలూ చేరతాయి. నా బల్ల మీదికొచ్చే కేసుల్లో సగం ఇలా రెండోసారి నొక్కినవే. అవతల అందకపోతే అదే తిరిగి మీ ఖాతాకి వస్తుంది. మీరు చెయ్యాల్సింది ఆగడమే."

"ఎత్తు ఎక్కేటప్పుడు సగంలో గేరు మీద చెయ్యి వెయ్యకూడదు, అంతేగా," అని ఆయన ఫోనును బోర్లించి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆగడం ఆయనకు తెలిసిన విద్య కాదు. కాలు కిందనుంచి ఊగుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడు అద్దం అవతల తలుపు తెరుచుకుంది.

లాండ్రీ అక్క! ఇంటిదాకా పోయి, బట్టల మీద కట్టిన చీటీలు కనిపించక, కళ్ళజోడు కోసం వెనక్కి వచ్చింది. తమ్ముడి వీపు అటు ఉంది. కళ్ళజోడు లేని కళ్ళకి క్యాబిన్లో ఎవరో ఒక మనిషి ఆకారం తప్ప ఏమీ ఆనలేదు. లోపల ఎవరో ఉన్నారు కదా, అయ్యాక వెళ్దామని పోయి బెంచీ మీద కూర్చుంది. వడ్రంగి మళ్ళీ జరిగి చోటిచ్చాడు.

తిరుగుటపా లేచి నిలబడింది. ఏం చెయ్యాలి? ఆమెను పిలిస్తే ఈయన చూస్తాడు. ఈయన్ని పంపితే ఎదురుగా ఆమె. పక్కకు చూస్తే, కాగితాల కట్టతో అటుగా వస్తున్న రెండో సంతకంగారు కూడా ఆగిపోయి ఉన్నాడు.

అక్క సంచిలో ఫోను టింగుమంది.

తీసింది. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. లాభం లేదు. పక్కకు తిరిగింది.

"అన్నయ్యా, కళ్ళజోడు లోపల మర్చిపోయాను. బ్యాంకువాళ్ళదే అనుకుంటా, ఏమొచ్చిందో కాస్త చదివిపెడతారా?"

వడ్రంగి తన కళ్ళజోడు నుదుటి మీదనుంచి కిందికి లాక్కున్నాడు. రంపాల మధ్య బతికిన మనిషి, నెమ్మదిగా మాట్లాడ్డం రాదు. హాలంతా వినపడేలా చదివాడు.

"మీ ఖాతాలో డబ్బు జమ అయిందమ్మా. కింద ఏదో రాశారు. 'అక్కా, అప్పటిది నేను పంపలేదు. ఇది నేను పంపుతున్నా.'"

క్యాబిన్లో కుర్చీ కిర్రుమంది. తమ్ముడు వెనక్కి తిరిగాడు. పక్కనే రెండో సంతకంగారు తిరుగుటపాకి మాత్రమే వినబడేలా, "మీరేం చెప్పలేదుగా?" అన్నాడు. "లేదు సార్." "నేనేం వినలేదు," అని ఆయన గోడమీది క్యాలెండరు వైపు తిరిగి నిలబడ్డాడు.

అక్కకి ముఖం కనబడలేదు గానీ, లేచి నిలబడ్డ ఆ ఎత్తు, ఆ వంగిన భుజం కనబడ్డాయి. కళ్ళజోడు అక్కర్లేకపోయింది.

"తెలుసురా," అంది అక్కడినుంచే. "పంపలేదని తెలుసు. తెలిసే పొద్దున సంతకం పెట్టి వెళ్ళా. ఇంటికి రా, ఇవాళ కూడా భోజనానికి రా."

తమ్ముడు అద్దం తలుపు లాగాల్సింది తోశాడు, తోయాల్సింది లాగాడు. ఎలాగో బయటపడి అక్క ముందు నిలబడ్డాడు.  అక్క ఉబ్బిన చేతులతో వాడి చొక్కా కాలర్ సర్దింది. ఇస్త్రీ నలిగిందని ఏదో గొణిగింది. తిరుగుటపాకి కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

ఆ సందట్లో అందరూ ఒక మనిషిని మర్చిపోయారు.

వడ్రంగి ఇంకా అక్క ఫోను పట్టుకునే ఉన్నాడు. తిరిగి ఇచ్చేద్దామని చూస్తూ, మొరటు బొటనవేలితో తెరను కాస్త కిందికి జరిపాడు. పాత మెసేజ్ ఒకటి దిగింది. అక్క చెరపకుండా దాచుకున్న మెసేజ్. ఆయన పెదాలు కదిలాయి. ఒకసారి చదివాడు, తేదీ చూశాడు, మొత్తం చూశాడు, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. చెక్కపేడు దోపిన బెంచీ మీదనుంచి మెల్లగా లేచి నిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు. ఈసారి గొంతు అసలు పైకి రాలేదు. "'ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు.' ఇది... ఇది నేను రాసిన మాట కదూ?"